‘ఆసక్తి లేని సర్వేయరు’ అంటే ఎవరు? ఇంగ్లీషులో అన్, ఇన్, డిస్, నాన్ చేరిన మాటల గురించి

ప్రశ్న
గిండీ ఉద్యోగిని:

అందరికీ నమస్కారం. మాది గూడూరు. ఆరేళ్లుగా చెన్నైలో, తోలు సంచులు ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను కాబట్టి, ఇంగ్లీషు ఉత్తరం ఏది వచ్చినా ముందు దాన్ని మనసులో తెలుగు చేసుకోవడం, తర్వాత జవాబును తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాయడం నాకు అలవాటు. ఆ అలవాటు పోయిన నెలలో నన్ను ఇబ్బందిలో పడేసింది.

మేము పంపిన సరుకులో కొన్ని సంచులకు కుట్లు ఊడిపోయాయని విదేశంలోని కొనుగోలుదారు ఫిర్యాదు చేశారు. సరుకును ఒక ‘డిస్‌ఇంట్రెస్టెడ్ సర్వేయర్’ చేత తనిఖీ చేయిద్దామని ఆ ఉత్తరంలో రాశారు. నేను దాన్ని ‘ఆసక్తి లేని సర్వేయరు’ అని అర్థం చేసుకుని మా మేనేజరు గారికి అలాగే చెప్పాను. ఆసక్తి లేనివాడిని పిలిచి తనిఖీ చేయించడం ఏమిటని ఆయనకు కోపం వచ్చింది. మా తరఫు సర్వేయరు ఈ విషయంలో చాలా ‘ఇంట్రెస్టెడ్’ అని, సరుకంతా శ్రద్ధగా చూస్తారని జవాబు రాయమన్నారు, నేను రాశాను. రెండు రోజుల తర్వాత, అయితే ఆ సర్వేయరు మాకు సమ్మతం కాదని ఒక్క వాక్యం వచ్చింది. మా ఏజెంటు ఫోన్ చేసి చెప్పేదాకా నేను రాసినదాని అర్థం నాకు తెలియలేదు. ఈ వ్యవహారంలో మా సర్వేయరుకు సొంత లాభం ఉందని నేనే రాసి ఇచ్చానట.

ఆ రాత్రి నా పాత నోటుపుస్తకం తీసి చూసుకున్నాను. ఎడమవైపు ఇంగ్లీషు మాటలు, కుడివైపు తెలుగు అర్థాలు రాసుకున్న పుస్తకం అది. అన్‌క్వాలిఫైడ్ పక్కన ‘అర్హత లేని’, డిస్‌క్వాలిఫైడ్ పక్కన ‘అర్హత లేని’, అన్‌ఇంట్రెస్టెడ్ పక్కన ‘ఆసక్తి లేని’, డిస్‌ఇంట్రెస్టెడ్ పక్కన మళ్లీ ‘ఆసక్తి లేని’ అని ఉంది. కుడివైపు పై నుంచి కింది దాకా ‘లేని, లేని, లేని’ అనే మాటే కనిపించింది. వీటి మధ్య తేడా తెలుసుకోవడానికి మార్గం ఏమైనా ఉందా, లేక ఒక్కొక్క మాటనూ బట్టీ పట్టాల్సిందేనా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు 1
పెరంబూరు మాస్టారు:

అమ్మా, ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పినవాడిని. నీ నోటుపుస్తకం లాంటివి కొన్ని వందలు దిద్దాను. అందులో నీ తప్పు కంటే మేము నేర్పిన పద్ధతి తప్పే ఎక్కువ. అర్థం రాయమంటే చివర ‘లేని’ చేర్చడమే నేర్పాము.

ముందు నీ సర్వేయరు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో ఇంట్రెస్ట్ అనే మాటకు ఆసక్తి ఒక అర్థం, ఒక వ్యవహారంలో మనకున్న లాభనష్టాల సంబంధం ఇంకొక అర్థం. అన్‌ఇంట్రెస్టెడ్ మొదటిదాన్ని కాదంటుంది, డిస్‌ఇంట్రెస్టెడ్ రెండోదాన్ని కాదంటుంది. కాబట్టి కొనుగోలుదారు కోరినది ఎటూ మొగ్గని తటస్థుడిని. న్యాయమూర్తి కేసు పట్ల డిస్‌ఇంట్రెస్టెడ్‌గా ఉండి తీరాలి, అన్‌ఇంట్రెస్టెడ్‌గా ఎంతమాత్రం ఉండకూడదు. పదిహేడో శతాబ్దంలో డిస్‌ఇంట్రెస్టెడ్‌ను ‘ఆసక్తి లేని’ అనే అర్థంలోనూ వాడారు, ఇప్పుడు కూడా చాలామంది అలా వాడుతున్నారు, నిఘంటువులు రెండు అర్థాలనూ ఇస్తున్నాయి. అయినా వర్తక పత్రాల్లో, న్యాయ పత్రాల్లో తటస్థుడు అనే అర్థాన్నే తీసుకోవాలి.

ఇదే జారుడు మన తెలుగులోనూ జరిగింది. ఉదాసీనుడు అంటే మొదట పక్కన కూర్చున్నవాడు, ఏ పక్షమూ పట్టనివాడు. భగవద్గీత పన్నెండో అధ్యాయంలో అది భక్తుడి సద్గుణాల్లో ఒకటి. ఇవాళ పత్రికలో ‘అధికారుల ఉదాసీనత’ అని చదివితే పట్టించుకోకపోవడం అనే నింద తప్ప మనకు ఇంకేమీ స్ఫురించదు. తటస్థత చూసేవాళ్లకు నిర్లక్ష్యంలా కనిపించడం వల్లనేమో, రెండు భాషల్లోనూ మాట ఒకే వైపు జారింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘లేని’ ఒక్కటే చాలదని నీకు అనుభవంలో తెలిసింది. కానీ తెలుగులో లేదు, కాదు అని రెండు మాటలున్నాయి, వాటి తేడా మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. లేనివాడు అంటే పేదవాడు. కానివాడు అంటే మనవాడు కానివాడు, పరాయివాడు. కానివాడు కోటీశ్వరుడు కావచ్చు, లేనివాడు మన సొంత తమ్ముడే కావచ్చు. ఇంగ్లీషులో నాన్- అనేది చాలావరకు ఈ ‘కాని’. అది ఒక గీత గీసి, ఈ వస్తువు గీతకు అవతల ఉందని మాత్రమే చెబుతుంది. మంచి చెడులు చెప్పదు. అన్-, ఇన్-, డిస్- అలా ఊరుకోవు, ఉండవలసింది లేదనో, ఉన్నదానికి ఎదురు తిరిగిందనో కూడా చెబుతాయి.

మన పత్రికలు ఈ తేడాను ఎప్పుడో పట్టుకున్నాయి. నాన్-టీచింగ్ సిబ్బందిని బోధనేతర సిబ్బంది అంటారు, నాన్-గవర్నమెంట్ సంస్థను ప్రభుత్వేతర సంస్థ అంటారు. అక్కడ ‘ఇతర’ చేసే పనే ఇంగ్లీషులో నాన్- చేస్తుంది. శాస్త్రేతర విషయం అంటే సంగీతమో సాహిత్యమో కావచ్చు, అందులో నిందేమీ లేదు. అశాస్త్రీయం అంటే మాత్రం తప్పు పట్టడమే. నాన్-సైంటిఫిక్, అన్‌సైంటిఫిక్ మాటల తేడా సరిగ్గా అదే. అనుమానం వచ్చినప్పుడు ముందు ‘చాలా’ చేర్చి చూడు. ‘చాలా అశాస్త్రీయం’ అనగలం, ‘చాలా శాస్త్రేతరం’ అనలేం. ఇంగ్లీషులోనూ వెరీ అన్‌సైంటిఫిక్ కుదురుతుంది, వెరీ నాన్-సైంటిఫిక్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. గీతకు అవతల ఉన్నదానిలో ఎక్కువ తక్కువలు ఉండవు కదా.

డిస్- సంగతి వేరు. క్రియల మీద చేరినప్పుడు అది తరచుగా ఉన్నదాన్ని తీసివేస్తుంది. దీనికి మన రాజ్యాంగం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. పార్లమెంటు సభ్యత్వానికి ఎవరు అర్హులో 84వ అధికరణం చెబుతుంది, లోక్‌సభకు కనీసం 25 ఏళ్లు నిండాలన్న నియమం అందులోదే. 102వ అధికరణం డిస్‌క్వాలిఫికేషన్ గురించి చెబుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఆ అర్హత ఇంకా రాలేదు, కాబట్టి అతడు అన్‌క్వాలిఫైడ్. గెలిచి సభలో కూర్చున్నవాడికి శిక్ష పడి సభ్యత్వం పోతే అతడు డిస్‌క్వాలిఫైడ్. తెలుగులో ఇద్దరినీ అనర్హులనే అంటాం. నీ పుస్తకంలో మొదటిదాని పక్కన ‘అర్హత రాని’ అని, రెండోదాని పక్కన ‘అర్హత పోయిన’ అని దిద్దుకో. రాని, పోయిన, కాని, చెడిన, మాలిన అని మన దగ్గర ఇన్ని మాటలుండగా అన్నిచోట్లా ‘లేని’ రాయడం మన భాషకే అన్యాయం.

అన్‌ఆర్గనైజ్డ్, డిస్ఆర్గనైజ్డ్ మాటలు కూడా ఇలాంటివే. 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం పేరులో ఉన్నది అన్‌ఆర్గనైజ్డ్. రిక్షా తొక్కేవారు, ఇళ్లలో పని చేసేవారు సంఘటిత రంగంలో లేరనే దాని అర్థం. వాళ్లను డిస్ఆర్గనైజ్డ్ అంటే వాళ్ల పని అస్తవ్యస్తంగా ఉందని నింద వేసినట్టవుతుంది. ఒక విద్యార్థి పరీక్షలో అలా రాస్తే ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి, తర్వాత అతడిని పిలిచి ఈ తేడా చెప్పాను. వాళ్ల నాన్న హార్బరులో కూలి. తేడా విన్నాక ఆ పిల్లవాడు ఆ మాటను తనే కొట్టేసి సరిగ్గా రాశాడు.

అన్-, ఇన్- లలో ఏది ఎక్కడ వస్తుందో చెప్పే గట్టి సూత్రం లేదు. కానీ రెండు ఆనవాళ్లు చెబుతాను. అన్- ఇంగ్లీషు సొంతది, ఇన్- లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌ది మన సంధిలాగా పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. విద్యుత్, లేఖ కలిసి విద్యుల్లేఖ అయినట్టు, ఇన్- లీగల్‌తో కలిసి ఇల్లీగల్, పాసిబుల్‌తో కలిసి ఇంపాసిబుల్, రెగ్యులర్‌తో కలిసి ఇర్రెగ్యులర్ అయింది. సొంతదైన అన్- అలా మారదు, అందుకే అన్‌లాఫుల్, అన్‌పాపులర్ అలాగే నిలిచాయి. రెండో ఆనవాలు, క్రియకు ఎడ్, ఇంగ్ చేరి విశేషణమైన మాటలకు సాధారణంగా అన్- వస్తుంది. ఇంకా నిర్ణయించుకోనివాడు అన్‌డిసైడెడ్, ఎప్పటికీ తేల్చుకోలేని స్వభావం గలవాడు ఇన్‌డిసైసివ్. విశేషణానికి అన్- ఉండి, దాని నామవాచకానికి ఇన్- వచ్చే జంటలు కొన్ని ఉన్నాయి. అన్ఏబుల్ నుంచి ఇన్ఎబిలిటీ, అన్‌జస్ట్ నుంచి ఇన్‌జస్టిస్, అన్‌స్టేబుల్ నుంచి ఇన్‌స్టెబిలిటీ. వీటిని మాత్రం బట్టీ పట్టక తప్పదు తల్లీ.

జవాబు 2
ఆడిట్ లెక్కలు, టి.నగర్:

మాస్టారు గారు చెప్పినదానికి మా వృత్తి నుంచి ఒక ముఖ్యమైన హెచ్చరిక చేర్చాలి. అన్‌క్వాలిఫైడ్ అంటే ‘అర్హత రాని’ అని ఒక్కటే రాసుకుంటే, రేపు ఆడిట్ నివేదిక చదివేటప్పుడు మీరు మళ్లీ ఇబ్బంది పడతారు. క్వాలిఫై అనే క్రియకు అర్హత పొందడం ఒక అర్థం, చెప్పిన మాటకు షరతు తగిలించడం మరొక అర్థం. ఆడిటరు ‘అన్‌క్వాలిఫైడ్ ఒపీనియన్’ ఇచ్చారంటే ఏ మినహాయింపూ పెట్టకుండా లెక్కలు సరిగ్గా ఉన్నాయన్నారని అర్థం, కంపెనీ కోరుకునేది అదే. ‘క్వాలిఫైడ్ ఒపీనియన్’ వస్తేనే జాగ్రత్త పడాలి, ఫలానా విషయం తప్ప మిగతావి సరిగ్గా ఉన్నాయని అందులో ఉంటుంది.

చెన్నైలోని ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో ఇనుప సామాను వ్యాపారం చేసే ఒక తెలుగు పెద్దమనిషికి మేము మొదటిసారి నివేదిక ఇచ్చినప్పుడు, ఆయన ఆ మాట మీద వేలు పెట్టి, “నలభై ఏళ్ల వ్యాపారం నాది, నాకు అర్హత లేదని ఎలా రాస్తారు?” అని బాధపడ్డారు. పక్కన కూర్చుని ‘బేషరతుగా ఆమోదించాం’ అని తెలుగులో చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. బేషరతు అనే ఆ ఒక్క మాట అక్కడ సరిగ్గా అతికింది. ఇప్పుడు ఆడిటర్లు పాటించే ఎస్ఏ 700 అనే ప్రమాణంలో ఈ అభిప్రాయాన్ని ‘అన్‌మాడిఫైడ్’ అంటున్నారు కానీ, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పాత మాట ఇంకా బాగా వినిపిస్తుంది. ఎవరైనా మీకు ‘అన్‌క్వాలిఫైడ్ సపోర్ట్’ ఇస్తామని రాసినా అది సంపూర్ణ మద్దతే.

డిస్ఆనర్డ్ చెక్కు గురించి కూడా ఒక మాట. అక్కడ ఆనర్ అంటే గౌరవం కాదు, చెక్కు మీద రాసిన మాట ప్రకారం బ్యాంకు డబ్బు చెల్లించడం. అందుకే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద నోటీసు రాసేటప్పుడు ‘అగౌరవపరచిన చెక్కు’ అని తెలుగు చేయకండి, ‘చెల్లని చెక్కు’ అంటే అందరికీ అర్థమవుతుంది.

జవాబు 3
మణలి రోడ్డు:

నేను పెట్రోలు ట్యాంకర్ల రవాణా చూస్తాను. మాలాంటివాళ్లకు ఇది ప్రాణాల మీది విషయం కాబట్టి రాస్తున్నాను. ట్యాంకరు వెనక ఉండే ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే మాటను ‘మండనిది’ అనుకునే కొత్త క్లీనర్లు ఇప్పటికీ వస్తున్నారు. అక్కడ ఇన్- వ్యతిరేకార్థం ఇవ్వదు. మంట పెట్టడం అనే అర్థమున్న లాటిన్ క్రియలోనే అది భాగం. ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఫ్లేమబుల్ అన్నా సులువుగా అంటుకునేదే. ఈ గందరగోళం వల్లనే 1920ల నుంచి అమెరికాలో అగ్నిమాపక భద్రతా సంస్థలు ఫ్లేమబుల్ అనే మాటనే వాడమని ప్రోత్సహించాయి. మండనిదాన్ని నాన్-ఫ్లేమబుల్ అంటారు. కొత్తగా వచ్చినవారికి నేను మొదటిరోజే ట్యాంకరు వెనక నిలబెట్టి, ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చూపిస్తూ ఇది చెబుతాను.

జవాబు 4
తెలుగు ఎం.ఏ., ట్రిప్లికేన్:

మణలి రోడ్డు గారు చెప్పినదానికి మన భాషలోనే పోలిక ఉంది. విఫలంలో ‘వి’ లేకపోవడాన్ని చెబుతుంది, విజ్ఞానంలో అదే ‘వి’ విశేషాన్ని చెబుతుంది. రూపం ఒకటే, పని వేరు. ఇన్‌వాల్యుయబుల్ అంటే విలువ లేనిదని కొందరు పొరబడుతుంటారు. వాళ్లే అమూల్యం అనే మాటను రోజూ తడుముకోకుండా సరిగ్గా వాడతారు. మూల్యం లేనిదని పైకి కనిపించినా, వెల కట్టలేనిదనే కదా దాని అర్థం. ఇన్‌వాల్యుయబుల్ పక్కన ‘అమూల్యం’ అని రాసుకుంటే ఇక మరచిపోరు.

మన పూర్వ వైయాకరణులు ఈ ప్రశ్నను చాలా లోతుగా ఆలోచించారు. బడిలో నఞ్ తత్పురుష సమాసం అని చదివాం కదా, అన్యాయం, అనర్హత లాంటివి. ఆ నఞ్‌కు, అంటే ముందు చేరి కాదనే ‘అ’, ‘అన్’లకు, ఆరు అర్థాలు ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది. దాన్ని పోలినది, అది లేకపోవడం, దానికంటే వేరైనది, దాని స్వల్పత్వం, అది మంచిది కాకపోవడం, దానికి విరోధమైనది అని ఆ ఆరు. స్వల్పత్వానికి ఇచ్చే ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. ‘అనుదర’ అయిన కన్య అంటే పొట్ట లేనిదని కాదు, సన్నని నడుము గలదని. అకాల వర్షం అన్నప్పుడు కాలం లేకపోవడం కాదు, కాలం మంచిది కాకపోవడం. అధర్మం ధర్మం లేకపోవడంతో ఆగదు, ధర్మానికి ఎదురు నిలుస్తుంది. ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడు అది ఈ ఆరింటిలో ఏది అని అడిగితే చాలా చిక్కులు విడిపోతాయి. నైతికతతో సంబంధమే లేనిది ఎమోరల్, నైతికతకు విరుద్ధమైనది ఇమ్మోరల్. వర్షానికి నీతి ఉండదు, లంచానికి అవినీతి ఉంటుంది.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. సంస్కృతంలోని అ-, గ్రీకులోని అ-, లాటిన్‌లోని ఇన్-, ఇంగ్లీషులోని అన్- ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. సంస్కృతంలో హల్లు ముందు అ-, అచ్చు ముందు అన్- వచ్చినట్టే గ్రీకులోనూ వస్తుంది, అందుకే ఒకచోట ఎథీయిస్ట్, ఇంకొకచోట అనార్కీ. అజ్ఞాతం, అగ్నాస్టిక్, అన్‌నోన్ అనే మూడు మాటల్లోనూ ఉపసర్గ ఒకటే, తెలియడం అనే ధాతువూ ఒకటే. మన అమృతం, గ్రీకుల అంబ్రోషియా, లాటిన్ నుంచి వచ్చిన ఇమ్మోర్టల్, మూడూ ‘చావు లేని’ అనే మాటకు వేర్వేరు రూపాలు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అచ్చతెలుగు దారి వేరు. మన భాషలో కాదనే మాట ముందు రాదు, చివర వస్తుంది. తెలియని, చెల్లని, పనికిమాలిన, రాడు, చేయదు, అన్నీ అలాంటివే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదని 1816లోనే ఈ ఊళ్లో, సెయింట్ జార్జి కోట కళాశాలతో సంబంధమున్న ఎల్లిస్ అనే ఆంగ్లేయ అధికారి నిరూపించాడు, క్యాంప్‌బెల్ అనే మరొకరు రాసిన తెలుగు వ్యాకరణానికి తాను చేర్చిన వ్యాసంలో. గిండీ ఉద్యోగిని గారి నోటుపుస్తకంలో కుడివైపు అంతా ‘లేని’ నిండిపోవడానికి మన భాష స్వభావం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ముందు వచ్చే చిన్న అక్షరం మీద మన చెవి నిలవదు, చివరి మాట కోసం ఎదురుచూస్తుంది. ఆడిట్ లెక్కలు గారి బేషరతులోని ‘బే’, మన గైర్హాజరులోని ‘గైర్’ పారశీకం, అరబ్బీల నుంచి వచ్చి చేరినవి. వాటిలో గైర్ అంటే ‘ఇతర’ అనే, అంటే అది మాస్టారు గారు చెప్పిన నాన్- వరసలోనిది.

గిండీ ఉద్యోగిని:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం కూర్చుని పుస్తకంలో కుడివైపు మొత్తం మళ్లీ రాశాను. నూట పద్నాలుగు మాటల్లో ‘లేని’ ముప్పై ఒక్కదానికే నిలిచింది. మాస్టారు గారూ, ఇంకొక్క సందేహం. మా ఆఫీసులో పనుల పట్టికలో కొందరు ‘అన్‌డన్’ అని రాస్తున్నారు. అంటే పని చేయలేదనా, చేసినదాన్ని వెనక్కి తీశారనా? పోయిన వారం ఒక ఇన్వాయిస్ ఎదురుగా అలా రాసి ఉంటే, ఇంకా చేయలేదనుకుని నేను మళ్లీ తయారు చేశాను. తీరా చూస్తే, అది ఒకసారి చేసి, కొనుగోలుదారు కోరిక మీద రద్దు చేసినది.

పెరంబూరు మాస్టారు:

రెండు అర్థాలూ ఉన్నాయమ్మా. అన్- రెండు రకాలు. విశేషణం మీద చేరినప్పుడు ‘కాని, లేని’ అంటుంది. క్రియ మీద చేరినప్పుడు ‘విప్పు’ అంటుంది. అన్‌టై అంటే ముడి వేయకపోవడం కాదు, వేసిన ముడి విప్పడం. చరిత్రలో కూడా ఇవి రెండూ వేర్వేరు ఉపసర్గలే, పలుకుబడి కలిసిపోయింది. అందుకే అన్‌లాకబుల్ అనే మాటను ‘తాళం వేయలేనిది’ అనీ, ‘తాళం తీయగలిగేది’ అనీ రెండు విధాలా విడదీయవచ్చు. అన్‌డన్ కూడా అలాగే చేయనిదైనా కావచ్చు, చేసి తీసివేసినదైనా కావచ్చు. పట్టికలో ఆ మాట వాడవద్దని మీ వాళ్లకు చెప్పు. చేయనిదానికి పెండింగ్ అని, రద్దు చేసినదానికి క్యాన్సిల్డ్ అని రాస్తే సరిపోతుంది. ఇంతకీ సర్వేయరు సంగతి ఏమైంది?

గిండీ ఉద్యోగిని:

మేనేజరు గారికి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను, మాస్టారు గారూ. ఆయన నా చేతే కొత్త ఉత్తరం రాయించారు. రెండు పక్షాలతోనూ ఏ సంబంధమూ లేని సర్వేయరును వాళ్లే ఎంచుకోవచ్చని, ఖర్చులో సగం మేము భరిస్తామని రాశాను. డిస్‌ఇంట్రెస్టెడ్ అనే మాటను ఈసారి నేనే వాడాను, పంపే ముందు నిఘంటువులో మరొకసారి చూసుకున్నాను. వాళ్లు ఒప్పుకున్నారు. తనిఖీ వచ్చే బుధవారం.